ఆయన పెదవులు, నా మాట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు హాల్లో కూర్చుని ఫోనులో ఏదో పాఠం వింటోంది. వాళ్ల ఆఫీసులో పై పదవికి వెళ్లబోయేవాళ్లు వినితీరాలట. నాయకుడన్నవాడు తనకంటూ ఒక పేరు, ఒక ముద్ర ఎలా తయారుచేసుకోవాలి, కిందివాళ్ల నమ్మకం ఎలా సంపాదించుకోవాలి అన్నది పాఠం. నేను పేపరు మడిచి కునుకు తీయబోతుండగా, "మీ ఇంటి పెద్దన్నయ్యగా చెబుతున్నాను, నన్ను నమ్మండి" అని ఆ ఫోనులోంచి నా గొంతే వినిపించింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చి నా మొహంలోకి చూసింది. పాఠం చెబుతున్న పెద్దమనిషి జుట్టు నెరిసింది గానీ మనిషి ఆయనే, ఒకప్పుడు నేను గొంతు అరువిచ్చిన కంపెనీ యజమాని. తన పాత వీడియో ముక్కను, నమ్మకం ఇలా సంపాదించాలని, తనే ఉదాహరణగా చూపించుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో రక్తపోటు మంచిది కాదని తెలిసినా ఇంకా చల్లారలేదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అన్నది అప్పుడప్పుడే ఇంటింటి మాట అవుతున్న రోజులవి. నేను తెనాలి వైపు నుంచి వచ్చి, మోతీనగర్‌లో రెండు గదుల ఇంట్లో అద్దెకుంటూ, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకునేవాణ్ణి. హీరో గొంతు కాదు లెండి. జడ్జీలు, డాక్టర్లు, మరీ ముఖ్యంగా హీరో అన్నయ్యలు. ప్రాణం పోయేముందు తమ్ముడికి నాలుగు మంచి మాటలు చెప్పే అన్నయ్య కావాలంటే నాకే కబురొచ్చేది.

మా బావమరిది మొదట సినిమా పబ్లిసిటీ చూసేవాడు. సాఫ్ట్‌వేర్ బూమ్ మొదలయ్యాక జూబ్లీ హిల్స్‌లో కొత్తగా వెలిసిన కంపెనీల యజమానులకు పేరు తెచ్చిపెట్టే పనిలో దిగాడు. వాళ్లలో ఒకాయన చిన్నప్పటి నుంచీ పై దేశాల్లో పెరగడంవల్ల తెలుగు అప్పజెప్పినట్టు మాట్లాడేవాడు. ఉద్యోగంలో చేరుతున్నవాళ్లేమో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన ఇళ్ల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులకు ఆయన సొంత మనిషిలా కనబడాలి. అందుకని ఒక చిన్న సినిమా తీశారు. అందులో ఆయన వాచ్‌మన్ భుజం మీద చెయ్యి వేస్తాడు, క్యాంటీన్‌లో పిల్లలకు తనే వడ్డిస్తాడు, గొంతు మాత్రం నాది. తల్లిదండ్రుల్ని పిలిచి హాల్లో వేసినరోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. ముందు కూర్చున్న ఒక తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటే, నిజం చెప్పాలంటే, నేను పొంగిపోయాను.

ఏడాది తిరక్కుండానే అమెరికా పనులు తగ్గాయని, మనుషుల్ని తీసేస్తారని పుకార్లు లేచాయి. మంచి పనివాళ్లు వేరే చోట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు మళ్లీ నన్ను పిలిచారు. ఈసారి కాగితం మీద ఉన్నవి రెండే వాక్యాలు: మీలో ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదు, ఇది మీ అన్నయ్య మాట. మా డబ్బింగ్ ఇన్‌చార్జిని అందరం అక్కా అనేవాళ్లం, యాభై దాటిన మనిషి. ఈ మాట ఆయనతోనే చెప్పించకూడదా అని ఆవిడ అడిగింది. బావమరిది నవ్వేశాడు. ఇది నిజమేనా అని నేనూ అడిగాను.

"సినిమాలో జడ్జీకి చెప్పేటప్పుడు తీర్పు నిజమా అని అడుగుతావా బావా?" అన్నాడు.

నేను కాగితం అందుకున్నాను. మైకు ముందు నిలబడి, గొంతులో ఎంత ప్రేమ ఉందో అంతా పోసి చెప్పాను. మూడు వారాలకు సగంమంది పిల్లలకు గేటు దగ్గర కార్డు పనిచేయలేదు.

ఆ సంగతి నాకు తెలిసింది మోతీనగర్ మందుల షాపులో. గొంతు నొప్పికి మాత్రలు అడిగితే పక్కనున్నాయన చటుక్కున తిరిగి చూశాడు. బోరబండలో బట్టల కొట్టు నడుపుతాడట, పక్కన ఆయన కూతురు.

"గా వీడియోల మాట చెప్పింది నువ్వేనా సార్?" అన్నాడు. నేను తల ఊపాను. "నా బిడ్డకు ఇంకో కాడ నౌకరి వచ్చిండె. గీ మాట విని నేనే వద్దన్న."

అరిచి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుని పోదాం పా నాయినా అంది, అంతే.

మర్నాడే జూబ్లీ హిల్స్ ఆఫీసుకు వెళ్లి గంటన్నర కూర్చున్నాను. చివరికి యజమాని కారెక్కుతూ ఆగాడు. డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మీరిచ్చిన మాట సంగతేమిటని అడిగాను.

"అది మోటివేషన్ అండీ, ప్రామిస్ కాదు," అన్నాడు తన ముక్కల తెలుగులో. "మీరు ఆర్టిస్ట్. మీకు తెలుసు కదా."

ఈ సంగతి అక్కకు చెప్పుకుని బాధపడ్డాను. ఆవిడ ఓదార్చలేదు. ఆ అమ్మాయి ఇల్లు చూపించమంది. బట్టల కొట్టులో అడిగి వెళ్లాం. బోరబండ సందులోని ఆ ఇంట్లో అక్క ఆ అమ్మాయి ఎదురుగా చాప మీద కూర్చుని, "నా గదిలో రికార్డయిన మాటమ్మా అది. నేను గట్టిగా అడగలేదు, తప్పు నాది" అంది. నిజానికి ఆవిడ తప్పేముంది? ఆ మాటలు ఎవరు చెప్పించారో, ఎవరు చెప్పారో కాగితం మీద రాసి, తను సంతకం పెట్టి, నాచేతా పెట్టించి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

తీసేసిన పిల్లలు దాన్ని లేబరాఫీసుకు పట్టుకెళ్లారు. కంపెనీవాళ్లు అది ఉత్త సినిమాయేనన్నారు; ఫైలు నెలల తరబడి తిరిగి ఎక్కడో ఆగిపోయింది. ఆ అమ్మాయికి దాదాపు ఏడాదికి బంజారా హిల్స్‌లో ఒక ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం దొరికింది. మా బావమరిది పండగలకు రావడం మానేశాడు. యజమాని మాత్రం కష్టకాలంలో సిబ్బంది నమ్మకం నిలబెట్టుకున్న మనిషిగా పత్రికల అట్టల మీదికెక్కాడు.

మా ఫిల్మ్‌నగర్ సత్యహరిశ్చంద్రుల పేట అని నేననను. కానీ మేం చెప్పే అబద్ధాలకు టికెట్టు ఉండేది, చూసేవాళ్లు ఆట చూసి ఇంటికెళ్లిపోయేవారు. ఆ ఆటను తెర మీదినుంచి దించి ఆఫీసుల్లోకి తెచ్చి, దానికి నాయకత్వమని పేరు పెట్టారు. నా గొంతు అందుకు పనికొచ్చింది, అదే నాకు మింగుడుపడదు.

ఆ ఆదివారం సాయంత్రం కోడలికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా వింది, అక్క పేరేమిటని అడిగి వెంటనే ఫోనులో వెతికింది కూడా. ఒక్క ఫోటో, ఒక్క ముక్క ఎక్కడా లేదు.

"అంత మంచావిడైతే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా మావయ్యా," అంది.

పాపం, అనుమానంతో అన్నది కాదు. ఒక మనిషిని నమ్మాలంటే ముందు ఎక్కడ చూడాలో వాళ్లకు అలాగే నేర్పారు. అక్క పిలిస్తే వానలో తడుస్తూ కూడా మేమెందుకు పరుగెత్తేవాళ్లమో ఆ పిల్లకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.