ఏటి అవతలి ఇళ్లు

మా మరిదిని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. సుమారు అంటారు. ఏ పన్ను నొప్పి అని పళ్ల డాక్టరు అడిగితే "సుమారుగా ఇటువైపు" అని చెప్పి, ఒకటికి రెండు పళ్లు పీకించుకుని వచ్చిన మహానుభావుడు. అన్నం ఎంత పెట్టమంటావంటే ఇంతకీ అంతకీ మధ్య అంటాడు. ఒకసారి ఒళ్లు మండి గిన్నె మొత్తం కంచంలో బోర్లించాను. మారు మాట్లాడకుండా తిన్నాడు. మనిషి అంత మెతక, లెక్క దగ్గర మాత్రం జగమొండి.

మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేస్తాం. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఆడవాళ్ల జట్టుకి నేను పెద్దని. మేం తెచ్చిన జవాబుల్ని కంప్యూటర్లో వేసి తేల్చేది అతను. అందరిళ్లకీ వెళ్లడం అయ్యే పని కాదు కనుక కొన్ని ఇళ్లు ఎంచుకుని అడుగుతాం. అడిగిన ఒక్కో ఇల్లు అడగని బోలెడు ఇళ్ల తరఫున మాట్లాడినట్టు. ఎన్నింటి తరఫునో ఆ సంఖ్యని ఆ ఇంటి బరువు అంటారు. పట్నంలో ఇంటికి ఒక బరువు, ఏటి అవతల ఇంటికి ఇంకో బరువు. నా బుర్రకి ఇది ఎక్కిందంటే అతని ఓపికే కారణం.

ఆ రోజు మధ్యాహ్నం జిల్లా కమిటీ కూర్చోబోతోంది. ఏటి అవతలికి వారం వారం నర్సుని తీసుకెళ్లే పడవని ఉంచాలా, ఆపెయ్యాలా అన్నదే వాళ్ల ముందున్న సంగతి. మా సర్వే ప్రకారం జిల్లాలో ఒక ఇంటికి ఆసుపత్రి సగటున ఇరవై నిమిషాల దూరం. అంత దగ్గరైతే పడవెందుకన్నది మా డైరెక్టరు గారి వాదన. నివేదిక ముందురోజే ఆయన చేతికి వెళ్లిపోయింది. మా చెల్లెలి కాపురం ఏటి అవతలే. ఎనిమిదో నెల, కాళ్లు వాచి ఉన్నాయి, బీపీ చూసేది ఆ పడవలో వచ్చే నర్సే. పొద్దుటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

భోజనాల వేళ చూస్తే సుమారు క్యారేజీ మూత తీసి, తినకుండా తెర వైపే గుడ్లప్పగించి కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"బరువులన్నీ కూడితే జిల్లాలో ఉన్న ఇళ్లన్నీ రావాలి కదా వదినా. తక్కువొస్తున్నాయి."

"ఎంత తక్కువ?"

"చాలా."

అతని నోటి వెంట సుమారు అన్న మాట రాలేదు. ఏ ఇళ్లు తగ్గాయో వెతికాడు. దాదాపు అన్నీ ఏటి అవతలివే.

"ఆసుపత్రికి వెళ్తారా అని అడిగాం. వెళ్లం అన్నవాళ్లని ఎంతసేపు పడుతుందని అడగొద్దని, ఆ ప్రశ్న దాటెయ్యమని రాసింది నేనే. అక్కడ గడి ఖాళీ. గడి ఖాళీగా ఉన్న ఇంటిని సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా పక్కన పడేస్తుంది. నేను చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

ఏటి అవతల వెళ్లం అన్నారంటే దారి లేకనే. అంటే ఆసుపత్రికి వెళ్లే దారే లేనివాళ్లని తీసిపారేసి, మిగిలినవాళ్లకి ఆసుపత్రి దగ్గరేనని తేల్చామన్నమాట. నాకు తిక్క రేగింది.

"నీ సాఫ్ట్‌వేర్ మొహం మండ. మా చెల్లెలు ఖాళీ గడా?"

అతను క్యారేజీ మూత పెట్టేసి డైరెక్టరు గారి గదికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను. నన్ను రమ్మన్నవాళ్లు లేరు, వద్దనే ధైర్యమూ ఎవరికీ లేదు.

డైరెక్టరు గారు బయల్దేరబోతూ కాగితాలు సర్దుకుంటున్నారు. అంతా విని, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"నిన్నో మాట, ఇవాళో మాట. మీ వదిన గారి చెల్లెలు అవతలే ఉంటుందట కదా."

నా నోరు లేచేదే. సుమారు చూసిన చూపుకి ఆగింది.

"ఉంటుంది సార్. అందుకే నేను ముట్టుకోను. చేసిన ప్రతి పనీ వరసగా ఫైల్లో రాసే ఉంది, ఆ లెక్క మీరే కూర్చుని నడపండి. మార్చింది ఒక్కటే. ఆ ఇళ్లని పారెయ్యకుండా, ఆసుపత్రికి వెళ్లలేనివాళ్లని విడిగా లెక్కపెట్టమన్నాను."

ఆయనా ఒకప్పుడు ఈ పని చేసినవారే. మా గదికొచ్చి సుమారు కుర్చీలో కూర్చున్నారు, ఫైలంతా చదివి మీట నొక్కారు. మనం ఎంచుకున్నవి కాక వేరే ఇళ్లు తగిలుంటే జవాబు ఎంత అటూ ఇటూ అయ్యేదో చూడటానికి, కంప్యూటర్ మళ్లీ మళ్లీ లెక్క కడుతుంది. లెక్క ఎంతవరకు వచ్చిందో చూపే గీత తెర మీద చీమలా పాకుతోంది. కింద కారు హారను మోగింది. ఇంకోసారి మోగింది. ఆయన లేచి వెళ్లిపోతే ఏం చెయ్యాలో తోచక, నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

జవాబు వచ్చింది. జిల్లాలో నూటికి పన్నెండు ఇళ్లవాళ్లు ఆసుపత్రికి వెళ్లలేరు, పడవ తప్ప వాళ్లకి వైద్యం లేదు. కాస్త అటూ ఇటూగా, ఎనిమిది నుంచి పదహారు దాకా.

"కమిటీకి ఒక్క అంకె కావాలయ్యా," అన్నారు డైరెక్టరు గారు. "ఎనిమిది నుంచి పదహారంటే నవ్వుతారు."

"చిన్నదే చెప్పండి సార్. ఎనిమిదే అనుకోమనండి. ఎనిమిదైనా పడవ ఆపడానికి వీల్లేదు."

ఆయన చేతిలోని కాగితం మీద ఎనిమిది అని రాసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"పొరపాటు ఎవరిదని చెప్పను?"

"నాదని చెప్పండి."

సాయంత్రం కబురొచ్చింది. ఏటి అవతల మళ్లీ సర్వే అయ్యేదాకా పడవ ఆగదు. సుమారు కుర్చీలో ఇకపై వేరే ఆయన కూర్చుంటారు, సుమారు మాతోపాటు ఇల్లిల్లూ తిరగాలి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నీళ్లంటే చచ్చేంత భయం అతనికి.

పడవెక్కిన రోజు రెండు చేతులతో అంచు పట్టుకుని, లోతెంత అని పడవవాణ్ణి అడిగాడు.

"మీరు మునిగేంత," అన్నాడు పడవవాడు.

ఎంపికలో మా చెల్లెలి ఇల్లూ వచ్చింది. సుమారు అరుగు మీద కూర్చుని ట్యాబు తీశాడు.

"ఆసుపత్రికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఏ ఆసుపత్రికి బావా?" అని నవ్వింది అది.

ఈసారి అతను ప్రశ్న దాటలేదు.

"పడవ రాకపోతే ఏం చేస్తారమ్మా?"

చెల్లెలు నవ్వు ఆపేసింది. పక్కింటి వైపు చూసింది.

"పోయినేడు వరదప్పుడు రాలేదు. ఆ ఇంటి కోడలు నొప్పులతో రేవు దాకా వచ్చి ఎదురుచూసి, అక్కడే పోయింది. ఆ తర్వాత వాళ్లిక్కడ ఉండలేకపోయారు."

ఆ ఇల్లు కూడా మా ఎంపికలో ఉంది. తాళం వేసి ఉంటే ట్యాబులో తాళం అని నొక్కేసి పక్కింటికి పోవడం మా పద్ధతి. అలా పోతే ఈ ఇల్లూ ఖాళీ గడే. సుమారు ట్యాబు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడిపోయాడు. పదవయ్యా, పొద్దుపోతోంది అనాల్సింది నేనే. వెళ్లి అతని పక్కన నిలబడ్డాను.