ఆవిడ చెరువు కథ

మా ల్యాబుకి వచ్చేవాళ్లెవరూ రిపోర్టు ఇవ్వమని అడగరు. "మా చెరువు కథేంటండీ?" అని అడుగుతారు. అమలాపురంలో రొయ్యల జబ్బులు పరీక్షించే ఉద్యోగం నాది. పొద్దస్తమానం చెరువుల కథలు చెబుతాను. మధ్యలో ఖాళీ దొరికితే అసలు కథలు రాస్తాను. మొదటి రకానికి జీతం వస్తుంది. రెండో రకం పంపిన చోటి నుంచి తిరిగి వస్తుంది.

ఖాళీ అంటే పెద్ద ఖాళీ ఏమీ కాదు. రొయ్యలో వైరస్ ఉందో లేదో తేల్చే యంత్రం ఒకటుంది. నమూనా అందులో పెట్టి మూత వేశాక దాని పని అది చేసుకుంటుంది, మనం ఎదురుగా కూర్చుని చూసినా తొందరపడదు. నా పాత్రలన్నీ ఆ యంత్రం తిరుగుతుండగా పుట్టినవే. అందుకే కాబోలు ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు.

రెండు పనులూ కలపకూడదని నా నియమం. అయినా కలిసిపోయాయి. ఒకసారి రిపోర్టులో రొయ్యలు దిగాలుగా ఉన్నాయని రాశాను. మా పెద్ద సారు పిలిచి, "దిగాలుని ఏ పరికరంతో కొలిచేరండీ?" అని అడిగారు. ఆ రోజుల్లోనే ఒక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ, ఇందులో నాయిక ఏడ్చే చోటు పరీక్ష ఫలితంలా ఉందని రాశాడు. ఇద్దరూ న్యాయమే మాట్లాడారు. ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండింది.

ఆ సంపాదకుడే ఈ ఏడాది వానలకి ముందు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. భర్త కువైట్‌లో ఉంటే ఒంటరిగా రొయ్యల చెరువు చేసే ఆవిడ గురించి నేను రాసిన కథ అతనికి నచ్చిందట. వేసుకుంటాడట. కాకపోతే, చివర్లో వైట్ స్పాట్ జబ్బొచ్చి చెరువు పోకూడదట. "ఆదివారం పూట కాఫీ తాగుతూ చదువుతారండీ, బతికించేయండి. సాయంత్రంలోపు పంపితే పేజీ ఉంటుంది" అన్నాడు. వైట్ స్పాట్ వస్తే ఉన్నవి ఉన్నట్టు పట్టి అమ్ముకోవడమే, ఆలస్యమైతే చెరువంతా చచ్చి తేలుతుంది. ఆ జబ్బుని మాన్పడం నాకు చేతనైతే కథలు రాసుకుంటూ ఎందుకు కూర్చుంటానని అడగబోయి, చూస్తానండీ అన్నాను.

ఆ మధ్యాహ్నం ఐ.పోలవరం వైపు నుంచి ఒకావిడ థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద రొయ్యలు తెచ్చింది. ఆవిడ భర్తా కువైట్‌లోనే ఉంటాడు. "ఈ పంట నిలబడితే ఆయన్ని వచ్చెయ్యమంటానండీ" అని కిందటిసారి వచ్చినప్పుడు చెప్పింది. నా కథ ఆవిడని చూసి రాసిందే. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

"పొద్దున్నుంచీ గట్టు పక్కకొచ్చేసి తిరుగుతున్నాయండీ. కొంగలు కూడా వాలిపోయేయి. ఏంటండీ దీని కథ?"

"చూద్దామండీ. కూర్చోండి."

యంత్రం మొదలుపెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, నా కథ ముగింపు వంక చూస్తూ ఉండిపోయాను. ఎవరి కాఫీ కోసమో నిజాన్ని మార్చేది లేదని లోపల బిగుసుకుని ఉన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏం రాస్తున్నారండీ మేడంగారూ? మాదేనా?"

"కాదండీ. కథ."

"ఆయ్. ఎవరి చెరువుదండీ?"

కథంటే ఆవిడకి ఇంకో అర్థం తట్టలేదు. నేనూ సరిచేయలేదు. "ఉందిలెండి, ఒకావిడది" అన్నాను.

"ఏవొచ్చిందండీ?"

"వైట్ స్పాట్."

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యో. పట్టించేసేరా మరి?"

"ఇంకా లేదండీ. ఏం చెయ్యాలో తోచట్లేదు."

"మీరు చూస్తున్నారు కదండీ, పర్లేదు. ఎలాగోలా ఆవిణ్ణి గట్టెక్కించెయ్యండి. మీ చేతిలో పనే కదా."

నా చేతిలో పనే.

యంత్రం ఆగింది. ఆవిడ తెచ్చిన రొయ్యల్లో వైరస్ ఉంది. అనుమానానికి చోటు లేకుండా ఉంది. అదే చెప్పాను, విశేషణాలేమీ వాడలేదు. రేపటిదాకా ఆగకుండా ఇవాళే పట్టించేయమని, ఆ నీళ్లు కాలవలోకి వదలొద్దని చెప్పాను. ప్రతి మాటకీ ఆవిడ "ఆయ్" అంది. తర్వాత పట్టుబడి మనుషులకి ఫోన్ చేసి వలలు తీసుకుని రమ్మని మామూలు గొంతుతోనే చెప్పింది. కువైట్‌కి మాత్రం చెయ్యలేదు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని ఏ పరికరంతోనూ కొలవలేదు.

ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆవిడ వెనక్కి తిరిగింది. "ఆవిడ సంగతి మర్చిపోకండేం. మాదెలాగూ పోయింది. ఆ చెరువన్నా నిలబెట్టండి."

సాయంత్రంలోపు పంపేశాను. చెరువు బతికింది. సంపాదకుడు అడక్కపోయినా, ఆయన్ని కూడా కువైట్ నుంచి రప్పించేశాను.

ఆదివారం అచ్చయింది. సోమవారం మా పెద్ద సారు పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "వైట్ స్పాటొచ్చిన చెరువు ఇలా తేరుకోదు కదండీ. ఈ పనిలో ఉండి మీరే ఇలా రాసేస్తే ఎలాగండీ?"

"ఆయ్" అన్నాను. "తేరుకోదండీ."