అక్క చేతుల వణుకు

ఎనభైల్లో ఒక ఏడు మా అక్క మద్రాసులో మనోవ్యాధికి వైద్యం చేయించుకుని కొండమీది మా ఊరు పిక్కిలికి తిరిగివచ్చింది. చెవిలో వినబడే గొంతులు ఆగిపోయాయి కానీ, మాత్రల వల్ల చేతులు వణికేవి. అమ్మ తనతోపాటు రాగి చేను కోతకు తీసుకుపోతే చేనుగలామె ఒప్పుకోలేదు.

“ఆ చేతికి కొడవలి ఎట్ల ఇచ్చేది? ఎవురినన్నా కోసేస్తే?”

“నా పక్కనే ఉంటాది. కూలి కూడా ఒద్దు, నలుగురితో ఉండనీమ్మా,” అని అమ్మ బతిమాలింది. అయినా ఆమె వినలేదు.

కొన్నాళ్లకు ఆ వణుకు తగ్గిపోయింది. దేవుడు కరుణించాడనుకున్నాం. వేరుశనగ పెరకడానికి అక్కను కూడా పిలిచారు. ఆడవాళ్ల మధ్య ఆమె నవ్వుతుంటే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఒక పొద్దున అక్క పని ఆపి, ఎవరూ లేని గట్టువైపు తిరిగి, “నేను రాను, పో!” అని అరిచింది. కూలివాళ్లంతా దూరంగా జరిగిపోయారు. అమ్మ పరుగెత్తి ఆమె చేతులు పట్టుకుంది.

“మాత్రలు తింటాండావా లేదా, తల్లీ?”

“తింటే చేతులు వణుకుతాయి. వణికితే ఎవురూ పనికి పిలవరు కదమ్మా.”

మరునాడు కొండ దిగి మళ్లీ మద్రాసుకు బయలుదేరాం. ఈసారి నయమై తిరిగొస్తే ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు.