డ్యూక్‌కి భయం నేర్పిన మనిషి

అత్తిబెలె దారిలో, మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి ఉన్న చంద్రశేఖర్ కుక్కల ఫారంలో హనుమక్క ఎనిమిదేళ్ళుగా పని చేస్తోంది. గూళ్ళు కడగడం, అన్నం వండడం, పురుగుల మందు పట్టడం ఆమె పని. వయసు నలభై ఆరు. ఊరు మడకశిర పక్కన. మొగుడితో కలిసి బెంగళూరుకి కాంక్రీటు పనికి వచ్చింది. కామెర్లతో మొగుడు పోయాక బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో దారాలు కత్తిరించింది. మెడ పట్టేసి తల వంచలేకపోయేసరికి సూపర్‌వైజరు రావద్దన్నాడు. పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఆమె కంటే ముందు వ్యాన్ డ్రైవర్ మునిరాజు జవాబు చెబుతాడు.

"ఎందుకు లేరప్పా, నలభై మంది ఉండారు. అందరికీ తోకలుండాయి."

డ్యూక్ పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోయింది. కోసి తీసిన ఏడు డాబర్‌మన్ పిల్లల్లో రెండో రోజుకి మిగిలింది అదొక్కటే. చంద్రశేఖర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, ఇది నిలిచేది కాదని పక్కన పెట్టేశాడు. హనుమక్క చిన్నప్పుడు తల్లి లేని గొర్రెపిల్లల్ని సాకిన మనిషి. దాన్ని కొంగులో చుట్టి నడుముకి కట్టుకుని, గూళ్ళు కడుగుతూనే రెండు గంటలకోసారి సీసాతో పాలు పట్టింది. కడుపు మీద తడిగుడ్డతో రాసి దొడ్డికి పోయేలా చేసింది. ఆరు నెలలు వచ్చేసరికి అది చంద్రశేఖర్ మాట మార్చుకోవాల్సిన కుక్క అయింది. పాతికేళ్ళలో ఇలాంటి రొమ్ము, ఇలాంటి మెడ తన ఫారంలో పుట్టలేదన్నాడు.

చంద్రశేఖర్ వాళ్ళది నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. పేటలో ఇత్తడి సామాన్ల అంగడి ఉంది. అది తమ్ముడు చూసుకుంటాడు. ఈయన కుక్కల షోలకి తిరుగుతాడు. రింగులో కుక్కని నడిపించేది మాత్రం ఆయన కూతురు మేఘన. డిగ్రీ చదువుతోంది.

షోలో కుక్క చేయాల్సింది తక్కువే. తాళ్ళు కట్టిన చదరంలో నడిపించే మనిషి పక్కన పరుగెత్తాలి. తర్వాత నాలుగు కాళ్ళూ సమంగా ఆనించి, తల ఎత్తి, కదలకుండా నిలబడాలి. జడ్జి వచ్చి పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, వెన్ను నిమురుతాడు, మగ కుక్కయితే కాళ్ళ మధ్య తడుముతాడు. అంతసేపూ అది బొమ్మలా ఉండాలి. ఫారంలో దీనికోసం మునిరాజు పాత కోటు, టోపీ వేసుకుని జడ్జిలా నటించేవాడు. డ్యూక్ అన్నీ నేర్చుకుంది. ఒక్కటే వదల్లేదు. ఎక్కడ నిలబెట్టినా హనుమక్క కోసం మెడ తిప్పేది.

మొదటి షోలో ఆమె తాడు దగ్గర ఉంది. జడ్జి చేయి వీపు మీద ఉండగానే డ్యూక్ ఆమె వైపు వెళ్ళిపోబోయింది. రెండో షోకి ఆమెను వ్యాన్‌లోనే కూర్చోబెట్టారు. ఈసారి ముక్కు గాల్లోకి ఎత్తి వాసన వెతుకుతూ ఒక్క క్షణం నిలబడలేదు. రెండుసార్లూ ఆఖరి వరసే.

మరుసటి రోజు చంద్రశేఖర్ ఆమెను పిలిచాడు.

"హనుమక్కా, వాడికి నీ పిచ్చి పట్టుండాది. అది వదిలించాల."

"నేను గూడు కాడికి పోనులే సార్. మునిరాజన్న అన్నం పెడతాడు."

"పోకపోతే ఇంకా వెతుకుతాడు. నువ్వే పోవాల. పోయి కొట్టాల."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కాఫీ తాగుతూ నిదానంగా వివరించాడు. రోజుకి రెండుసార్లు, పావుగంట. తడిపిన గోనె సంచి మడిచి దాంతో కొట్టాలి, ఎముకలకి తగలకూడదు, మచ్చ పడకూడదు. స్టీలు పళ్ళెం మీద గరిటెతో చెవి పక్కన మోగించాలి. ఆ తర్వాత మేఘన ఉడకబెట్టిన కార్జం ముక్కలతో లోపలికి వస్తుంది. కుక్క ఎవరి కాళ్ళ దగ్గరికి పరుగెత్తాలో అదే తేల్చుకుంటుంది. షోకి ఇరవై ఒక్క రోజులున్నాయి.

"నా చేతులతో పెంచినా సార్."

"అందుకే నువ్వు. వేరేవాళ్ళు కొడితే నీ దగ్గరికే వస్తాడు గదా." ఆయన కప్పు కింద పెట్టాడు. "నీ ఇష్టం అప్పా. ఈసారీ పోతే నాకు బేడ, వాడు వద్దు. క్రషర్ ఆయన ఒక కాపలా కుక్క అడిగుండాడు. పంపించేస్తా."

రాళ్ళ క్రషర్‌కి పోయిన కుక్కలు ఎలా ఉంటాయో హనుమక్కకి తెలుసు. రెండు మూరల గొలుసు, ఒళ్ళంతా తెల్లటి దుమ్ము, కళ్ళలో పుసి. ఇంతకు ముందు రెండింటిని పంపారు. రెండూ ఏడాది దాటలేదు.

మొదటి రోజు ఆమె గోనె సంచితో లోపలికి వెళితే డ్యూక్ ఆట అనుకుంది. దెబ్బ తగలగానే ఎగిరి, సంచి కొస నోట కరుచుకుని, లాక్కుని, తిరిగి తెచ్చి ఆమె పాదాల మీద పెట్టింది. తోక ఊపుతూ నిలబడింది. గేటు దగ్గర మునిరాజు నవ్వాడు.

"ఏమక్కా, సంచి అందిస్తాండాడు నీకు. ఇంగొకటి వెయ్యి, థాంక్స్ చెప్తాడు."

ఆమె ఇంకొకటి వేసింది. ఆ రోజు దానికి అర్థం కాలేదు. రెండో రోజూ కాలేదు. మూడో రోజు ఆమె గడియ తీయగానే డ్యూక్ లేచి, రెండడుగులు వేసి, ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూసింది. హనుమక్క పళ్ళెం మోగించింది.

హనుమక్క ఏ పనీ సగం చేసే మనిషి కాదు. గూడు కడిగితే మూలలు కూడా గీకి కడుగుతుంది. ఇదీ అలాగే చేసింది. తొమ్మిదో రోజుకి, ఆమె వరండా మలుపు తిరిగేసరికే డ్యూక్ గూట్లో మూత్రం పోసుకోవడం మొదలుపెట్టింది. ఆ గూడు కూడా ఆమే కడగాలి.

మేఘన ఒకసారి గేటు బయట ఆమె చేయి పట్టుకుంది. "సారీ అక్కా. నాకూ చూడలేకుండా అయితాండాది. త్రీ వీక్స్ అంతే, డాడీ ప్రామిస్ చేసినారు. ఆమేలే, అదంతా అయినాక, నువ్వు మళ్ళీ నార్మల్‌గా ఉండొచ్చు."

"వాడు ఉంటాడామ్మా మళ్ళీ నార్మల్‌గా?"

మేఘన గిన్నెలో కార్జం ముక్కలు కలుపుతూ లోపలికి వెళ్ళిపోయింది. డ్యూక్ ఆమె మోకాళ్ళ మధ్య తల దూర్చింది. ఇరవయ్యో రోజున, కోటు వేసుకున్న మునిరాజు దాని నోట్లో వేళ్ళు పెట్టినా, కాళ్ళ మధ్య తడిమినా, కుక్క మేఘన ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. చంద్రశేఖర్ మొదటిసారి హనుమక్కతో "బాగా చేసినావు" అన్నాడు.

షో యలహంక వైపు ఒక మైదానంలో. పొద్దున పదింటికి డ్యూక్ క్లాసు పిలిచారు. తొమ్మిది కుక్కలు. మేఘన పక్కన డ్యూక్ పరుగెత్తుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. వ్యాన్ పక్కన నిలబడ్డ హనుమక్కకి అంత దూరం నుంచీ తెలిసింది. అది ఇటు చూడటం లేదు. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఇక క్రషర్ లేదు.

అప్పుడు జడ్జి టెంటులోంచి వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ళావిడ. గంజి పెట్టిన నూలు చీర, రెండు చేతులకీ గాజులు.

ఆ ఫారంలో చీర కట్టేది, గాజులు వేసేది హనుమక్క ఒక్కతే; మొగుడు పోయినా ఆమె గాజులు తీయలేదు. మేఘనవి ట్రాక్ ప్యాంట్లు, మిగతా అందరూ మగవాళ్ళు. ఇన్ని షోలు తిరిగిన చంద్రశేఖర్‌కి చీర కట్టిన జడ్జి రావచ్చని తట్టలేదు. ఇరవై ఒక్క రోజులుగా డ్యూక్ నేర్చుకున్నది హనుమక్కని కాదు. చీర చప్పుడునీ, గాజుల చప్పుడునీ నేర్చుకుంది.

జడ్జి చేయి చాపింది. గాజులు కిందికి జారాయి. డ్యూక్ పొట్ట గడ్డికి ఆనించి పడుకుంది. దాని కింద గడ్డి తడిసింది. మేఘన లేపబోతే లేవలేదు. ఆవిడ మంచిదే, వెనక్కి తగ్గి, కాస్త తిప్పి తీసుకురమ్మంది. రెండోసారి డ్యూక్ మేఘన కాళ్ళ వెనక దూరి పళ్ళు బయటపెట్టింది. జడ్జి తల అడ్డంగా ఊపి బయటికి దారి చూపించింది.

క్లాసు అయ్యాక ఆవిడ వ్యాన్ దగ్గరికే వచ్చింది. "ఈ కుక్కని ఒక ఆడది కొడుతోంది" అంది ఇంగ్లీషులో. "ఎవరు?"

మేఘన తండ్రి వైపు చూసింది. చంద్రశేఖర్ హనుమక్కని చూపించాడు.

"పనిమనిషి, మేడమ్. చదువు లేనిది. మాకు తెలీకుండా చేసింది. నేనూ ఇప్పుడే తెలుసుకున్నా."

ఆవిడ హనుమక్క వైపు తిరిగి తమిళంలో మాట్లాడింది. నోరు లేని జీవాన్ని కొట్టే చేతులు పురుగులు పడి పోతాయంది. కడుపున పుట్టినదాన్ని ఇలాగే కొడతావా అని అడిగింది. తమిళ మేస్త్రీల దగ్గర ఆరేళ్ళు ఇటుకలు మోసిన హనుమక్కకి ప్రతి మాటా అర్థమైంది. తల వంచుకుని నిలబడింది. మెడ నొప్పికి మధ్యలో ఒకసారి తల ఎత్తాల్సి వస్తే, సిగ్గు లేదని ఆవిడ ఇంకో మాట అంది. మేఘన ఫోన్ చూసుకుంటోంది.

తిరుగు దారిలో సిల్క్ బోర్డు దాటాక చంద్రశేఖర్ ముందు సీట్లోంచి అన్నాడు.

"తప్పు నాదే అప్పా. గాజులు తీసేసి, ప్యాంటు షర్టు వేసుకుని కొట్టమనాల్సింది."

"అట్లయితే కోటు జడ్జిని చూసి పోసుకుంటాడు సార్" అన్నాడు మునిరాజు. ఇద్దరూ కాసేపు ఆ విషయం సీరియస్‌గానే చర్చించుకున్నారు.

క్రషర్ ఆయన ఆ ఆదివారమే వచ్చాడు. ఫారం వరండాలో హనుమక్క చీపురుతో కనపడగానే డ్యూక్ గూటి వెనక గోడకి అతుక్కుపోయింది. ఆయన కాసేపు చూశాడు.

"దీనికి నేనే కాపలా ఉండాల్సి వస్తాది" అని వెళ్ళిపోయాడు.

చంద్రశేఖర్ డ్యూక్ జాతి కాగితాలు చించేశాడు. ఇలా పోసుకునే కుక్కని ఎవరికి అమ్మినా ఫారం పేరు పోతుంది. "హనుమక్కా, డాక్టర్‌ని పిలిపించి సూది వేయించేదా, నువ్వు తీసుకుపోతావా? నువ్వే పెంచినావు గదా."

ఆమె తీసుకుపోతానంది. ఆమె చేతికి లీషు ఇస్తే డ్యూక్ కదల్లేదు. మునిరాజే ఎత్తి వ్యాన్‌లో వేసి, బొమ్మనహళ్ళిలో ఆమె ఉండే ఒంటి గదిలో దింపాడు. మెట్లు దిగుతూ, "నీ కొడుకు ఇల్లు చేరినాడక్కా" అన్నాడు.

నాలుగు నెలలైంది. ఆమె గదిలోకి రాగానే డ్యూక్ మంచం కిందికి పోతుంది. మాట్లాడితే వణుకుతుంది. అందుకని మాట్లాడదు. అన్నం గిన్నె లోపల పెట్టి బయటికి వచ్చేస్తుంది. మెట్ల మీద కూర్చుంటే, కాసేపటికి గిన్నె నేల మీద జరిగే చప్పుడు వినిపిస్తుంది. పొద్దున, సాయంత్రం కింది వాటా ఆయన వచ్చి దాన్ని తిప్పుకుని వస్తాడు. ఆయనతో హాయిగా పోతుంది.

ఫారంలో ఇప్పుడు కొత్త ఈత దిగింది. పిల్లలకి పాలు పట్టే పని హనుమక్కదే. ఏ ఒక్కరూ వారం కంటే ఎక్కువ పట్టకూడదని చంద్రశేఖర్ కొత్త రూలు పెట్టాడు. ఆమె వారం కాగానే సీసా మునిరాజు చేతికి ఇచ్చేస్తుంది. అడిగించుకోదు.

మొన్న కరెంటు లేక ఫారంలో బోరు ఆగిపోయి, ఆమె మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. తలుపు కొంచెం తెరిచేసరికి డ్యూక్ మంచం మీద, ఆమె పడుకునే బొంత మధ్యలో ముక్కు దూర్చి నిద్రపోతూ కనిపించింది. ఆమె లేనప్పుడు రోజూ అక్కడే పడుకుంటోందని, బొంతకి అంటిన వెంట్రుకల వల్ల ఆమెకు ఎప్పుడో తెలుసు. చూడటం అదే మొదటిసారి.

అది కళ్ళు తెరవకముందే ఆమె తలుపు దగ్గరికి వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. సాయంత్రం వరకూ వీధి చివర బస్ స్టాపులో కూర్చుంది.