ఆయిల్ రింగుకు పెట్టిన బొట్టు

మా పనిలో ఒక సదుపాయం ఉంది. కంప్రెసర్ మాట్లాడదు. తప్పు ఎవరిదని మెకానిక్ చెబితే వాళ్లదే. శ్రీకాకుళం నుంచి బండి మీద తిరుగుతూ చాలా ఏళ్లుగా ఐసు ఫ్యాక్టరీల కంప్రెసర్లు బాగు చేస్తున్నాను. ఈ సదుపాయాన్ని కావలసినప్పుడల్లా వాడుకున్నాను.

భావనపాడు దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. వేటకెళ్లే పడవలకు ఐసు దిమ్మలు అక్కడినుంచే. దాని అమ్మోనియా కంప్రెసర్‌లో రింగులు అరిగిపోయాయి, షాఫ్టు సీలు దగ్గర గ్యాసు కారుతోంది. గుమ్మం దాటకముందే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక ఆదివారం గ్యాసంతా ట్యాంకులోకి లాగి, మిగిలిన కాస్తా నీళ్ల తొట్టిలోకి వదిలి, సీలు మార్చి, హెడ్డు విప్పాను.

ఆ పొద్దున్నే యజమాని కొత్త రింగుల పెట్టెను అరసవల్లి తీసుకెళ్లి దర్శనం చేయించి తెచ్చాడు. ఒక్కో రింగుకూ పసుపు రాసి బొట్టు పెట్టాడు. మా వైపు మిక్సీ కొన్నా బొట్టు పెట్టందే స్విచ్చి వేయరు. నేనూ అంతే.

పిస్టన్‌కు పైన ఉండే రింగులు గ్యాసును ఆపుతాయి. ఆ సైజులో వాటిని ఎటు వేసినా గొడవ లేదు. పేచీ అంతా కింద ఉండే ఆయిల్ రింగుతోనే. దాని అంచు ఏటవాలుగా ఉంటుంది. సరిగ్గా వేస్తే సిలిండరు గోడ మీది నూనెను కిందికి గీకుతుంది, తిరగేస్తే పైకి తోస్తుంది. అందుకని పైవైపున సన్నటి గుర్తు ఒకటి చెక్కి ఉంటుంది. దాని కోసం చూస్తే బొట్టు కనిపించింది. గుర్తు బొట్టు కింద ఉందనుకున్నాను. తుడిచి చూద్దామంటే యజమాని ఎదురుగా నిలబడ్డాడు. దేవుడి దగ్గర పెట్టిన బొట్టును తుడవడమేమిటి? అయినా బొట్టు ముఖానికి పెడతారు గాని వీపుకు పెట్టరు కదా అనుకుని, బొట్టు పైకి ఉండేలా బిగించేశాను.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది. దిమ్మలు సరిగ్గా గడ్డకట్టడం లేదట, నడుమ నీళ్లు మిగులుతున్నాయట. వెళ్లి చూస్తే నూనె గ్యాసుతో పాటు పోయి పైపులకు లోపల పట్టేసింది. కంప్రెసర్ నడిపేది, నూనె మట్టం చూపే అద్దంలో గీత దాకా నూనె పోసేది ఒక పెద్దాయన. నేను ఈ పనిలోకి రాకముందు నుంచీ అక్కడే ఉన్నాడు.

“నూనె ఎక్కువ పోసేసినావు మావా” అన్నాను.

“అద్దంలో తగ్గితేనే పోసినాను బావూ. గీత దాటి ఎప్పుడూ పొయ్యనేదు.”

నేను వినలేదు. యజమానితోనూ అదే మాట, ఇంకాస్త గట్టిగా చెప్పాను. దిమ్మలు మోసేవాళ్లు, పడవలవాళ్లు అందరూ విన్నారు. రేపట్నుంచి రావద్దన్నాడు యజమాని. పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన చోట కొత్తవాడు వచ్చాడు. నూనె మాత్రం అలాగే తగ్గుతోంది. ఈసారి ఒక్కడినే ఉండి విప్పాను. రింగు తీసి గుడ్డతో తుడిస్తే బొట్టు మరక కింద ఏమీ లేదు. రెండోవైపు తిప్పితే గుర్తు నిక్షేపంలా ఉంది. రింగు తిరగేసి బిగించి, పైపుల్లో నూనె దించి, “కొత్త రింగులు కదా, ఇప్పటికి సర్దుకున్నాయి” అని యజమానికి చెప్పాను. ఆయన నమ్మాడు. ఇంటికెళితే అన్నం సహించలేదు. మనిషి కూడు తీసేసి వచ్చి నేను కంచం ముందు కూర్చున్నాను.

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో జీడిగింజలు ఆరబోస్తున్నాడు. తప్పు నాదేనని చెప్పాను.

“తెలుసు బావూ. నూనె పోసింది నానే కదా.”

“అయితే పన్లోకి వచ్చీ మావా.”

“నా మీద యెక్కడ నిలబడి సెప్పినావో అక్కడే నిలబడి సెప్పు. అప్పుడొస్తాను.”

దిమ్మలు లోడు చేసే వేళకు వెళ్లి, అందరి ముందూ చెప్పాను. “మరి మొన్న అంత గట్టిగా ఎలా సెప్పినావు మేస్త్రీ?” అన్నాడు యజమాని. బొట్టు పెట్టింది మీరే కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రింగుకు పైవైపు ఏదో తెలియాల్సింది నాకు.

పెద్దాయన పనిలోకి వచ్చాడు. మెషిను బాగానే నడుస్తోంది. ఇప్పుడు నూనె పోసే ముందు దిమ్మలు మోసేవాళ్లను కేకేసి పిలుస్తాడు.

“ఒరే, వచ్చి సూడండ్రా. గీత దాకానే పోస్తన్నాను. రేపు నా మాట ఎవులూ నమ్మరు.”

వాళ్లు వచ్చి, అద్దంలోకి చూసి, తల ఊపి వెళతారు. నేను పక్కనే ఉన్నా నన్ను మాత్రం పిలవడు.