పసుపు అంటిన బిల్లు

రెండేళ్ల కిందట ఒక మామూలు ఉదయం. దీపం వెలిగించి, తమ్ముడు కొనిచ్చిన కొత్త ఫోన్‌ని దేవుడి ముందు పెట్టాను. డబ్బాకి బొట్టు పెట్టి, బిల్లుకి నాలుగు మూలలా తడి పసుపు రాశాను. మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అంతే.

ఆ ఫోన్ పోయిన నెల తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎవరో కొట్టేశారు. డబ్బా మీది నంబరుతో పోలీసులు వెతికి, నిన్న ఒక కాగితంతో పాటు నా చేతికిచ్చారు. దొంగ ఏవేవో నొక్కడంతో అది లాకైపోయింది. పక్షవాతం రాకముందు అమ్మ పాడిన మేలుకొలుపులు అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మకి మాట లేదు.

ఈ రోజు ఏలూరులో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్లో ఉన్నావిడ డబ్బా, పోలీసుల కాగితం పక్కన పెట్టేసి, బిల్లు తిప్పి తిప్పి చూసింది.

"పసుపులో నంబరు చెరిగిపోయిందండీ. ఫోన్ మీదేనని మాకెలా తెలుస్తుంది? లాక్ తియ్యడం కుదరదు. కావాలంటే లోపలున్నదంతా చెరిపేసి ఇస్తాం."

"నాది కాదనుకుంటే నాకెలా ఇస్తారమ్మా? నాదే అనుకుంటే ఎందుకు చెరుపుతారు?"

"రూలండీ."

"అయితే మీ రూలు మీ దగ్గర ఉంచుకోండి. ఫోన్ ఇలా ఇవ్వండి" అని తెచ్చేసుకున్నాను.

పోలీసులు నమ్మిన మనిషిని ఫోన్ తయారుచేసినవాళ్లు నమ్మరట. మీకెవరికైనా ఇలా జరిగితే చెప్పండి.

సాయంత్రం అమ్మ మంచం దగ్గర నేను, చెల్లి, తమ్ముడు కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఒక్క పాట కూడా చెరపనివ్వం. పోలీసులిచ్చిన కాగితం జతచేసి కంపెనీకి రాస్తాం. వినకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తాం. పసుపు మాత్రం మానం. ఇకనుంచి బిల్లు వెనకవైపు రాస్తాం.