త్రెల్కెల్డ్ ఇంటిపేరు

గూడూరు స్టేషన్ వెయిటింగ్ రూములో ఆ పెద్దాయనకు కాలు నిలవడం లేదు. తిరిగి తిరిగి, చివరికి నా ముందు ఆగాడు.

"అప్పా, ఈ పేరు యాడ పుట్టిందో నీ ఫోన్లో సూస్తావా?"

చీటీ మీద త్రెల్కెల్డ్ అని ఉంది. అది ఆయన ఇంటిపేరట.

"మిషను హాస్టల్లో మా తాతకు దొర తన పేరే పెట్టినాడు. నా కూతురు చేసుకుంటానంటున్న చిత్తూరు పిల్లోడిదీ ఇదే ఇంటిపేరు. వాళ్ళ తాతకు పెట్టిన దొర వేరే. ఆ దొరలిద్దరిదీ ఒకే వంశమైతే, వీళ్ళు అన్నాచెల్లెళ్ళు అవుతారని మా అన్న అడ్డం పడతాండాడు."

వెతికాను. చాలా అరుదైన పేరు, ఉత్తర ఇంగ్లండులో ఒకే ఒక్క పల్లె నుంచి వచ్చిందని ఉంది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"రెండు ఊర్లంట పెద్దాయనా. ఒకదానికొకటి సంబంధం లేదు" అన్నాను.

"ఆ పేరుకు అర్థమేముండాది?"

"నీటి ఊట." బానిసల ఊట అని ఉన్నది కూడా మింగేశాను.

ఆయన చీటీ వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చాడు. "రెండు ఊర్లనే మాట రాసి సంతకం పెట్టప్పా. నీ ఇంటిపేరుతో రాయి, అప్పుడే మా అన్న నమ్ముతాడు."

ఆయన ఎక్కాల్సిన తిరుపతి బండి కదిలేలోపు రాసిచ్చాను. ఇప్పటికీ ఎక్కడైనా పూర్తి పేరు రాయమంటే, నా ఇంటిపేరు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.